గుడ్డకు అంటిన నీలం

వరదాచార్యులుగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కారు. శాస్త్రంలో సందేహమైతే పుస్తకం తీసి పంక్తి చూపించేవారు. బతుకులో సందేహమైతే మాత్రం "సరే, చూద్దాం" అని, అడిగినవాణ్ణి ఏదో ఒక పనికి రమ్మనేవారు. ఆ పనికీ అడిగిన ప్రశ్నకూ సంబంధం ఉందో లేదో ఆయన చెప్పేవారు కారు. వచ్చినవాళ్ళు అడిగేవారూ కారు.

ఆయన బందరు కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరయ్యారు. ఆదివారాలు ఉదయం ఇంటి వరండాలో వేదాంతపాఠం నడిచేది. ఎండలు ముదిరాయంటే పాఠానికి సెలవిచ్చి, చేత్తో చేసే పని ఏదో ఒకటి నేర్చుకునేవారు. ఒక వేసవిలో పేముకుర్చీలు అల్లడం నేర్చుకున్నారు. ఇంకొక వేసవిలో గోడగడియారం విప్పడం నేర్చుకున్నారు కానీ బిగించడం పూర్తిగా పట్టుబడలేదు. ఈసారి కారు మీద పడ్డారు. ఇంటి పక్క రేకుల షెడ్డులో ఆయన పాత నీలం కారు ఉండేది. సముద్రం మీది ఉప్పుగాలికి దాని రంగు సుద్ద రాసినట్టు పాలిపోయింది. దాన్ని బయట ఎవరికో ఇచ్చి చేయించడం ఆయనకు ఇష్టం లేదు. ఫోనులో చూసి, నలుగురినీ అడిగి, మెరుగు పెట్టడం ఇంట్లోనే నేర్చుకుందామనుకున్నారు.

ఆ వేసవి సెలవులకు ముందు ఆఖరి పాఠం అయ్యాక అందరూ వెళ్ళిపోయారు. దామోదరరావు ఒక్కడూ ఆగిపోయాడు. అతను హైస్కూల్లో లెక్కల మాస్టారు. చాలా ఏళ్ళుగా పాఠానికి వస్తున్నవాడు, ఒక్కనాడూ ఆలస్యంగా వచ్చినవాడు కాదు.

"గురువుగారూ, పిల్లల్లో ఒక దోషం ఉందని తెలిశాక, అది జాడ లేకుండా పోయేదాకా దిద్దుతూ ఉండడం తండ్రి ధర్మం కాదాండీ? మధ్యలో ఆపేస్తే అది లోపల మిగిలిపోదూ?" అని అడిగాడు.

ఆచార్యులుగారు పుస్తకానికి గుడ్డ చుడుతూ, "ఎవరి సంగతి?" అన్నారు.

"మా ప్రసూన సంగతే."

ప్రసూన అతని ఒక్కగానొక్క కూతురు. డిగ్రీ చదువుతోంది. మొదటి సంవత్సరంలో ఒక పరీక్ష తప్పి, ఆ మాట ఇంట్లో దాచింది. పాసయ్యానని చెప్పి, నెలల తరబడి ఆ అబద్ధాన్నే నడుపుకొచ్చింది. చివరికి తోటి విద్యార్థిని తల్లి బజార్లో కనబడి ఓదార్పుగా ఏదో అనబోతే బయటపడింది. పిల్ల ఏడ్చింది, తప్పయిపోయిందంది, పట్టుదలగా కూర్చుని చదివి ఆ పరీక్ష మళ్ళీ రాసి మంచి మార్కులతో పాసయింది. తల్లి ఇందుమతి దృష్టిలో కథ అంతటితో ముగిసింది. దామోదరరావు దృష్టిలో ముగియలేదు. పరీక్ష తప్పినందుకు అతనికి బాధ లేదు. ఎదురుగా నిలబడి, కళ్ళలోకి చూస్తూ అంతకాలం అబద్ధం చెప్పగలిగిందే, అదే అతన్ని తొలిచేది. ఆ గుణం వేళ్ళతో సహా పోవాలనుకున్నాడు. పాలు వచ్చాయి నాన్నా అని పిల్ల అంటే గేటు దాకా వెళ్ళి చూసి వచ్చేవాడు. లైబ్రరీకి వెళ్తున్నానంటే ఏ పుస్తకం తెస్తావో చెప్పమనేవాడు, వచ్చాక ఆ పుస్తకం చూపించమనేవాడు. భోజనాల దగ్గర ఏ మాట వచ్చినా తిరిగి తిరిగి ఆ పాత విషయం దగ్గరికే తెచ్చేవాడు. కోపంగా కాదు, నెమ్మదిగానే, నచ్చజెబుతున్నట్టే.

"మీ ఇంట్లోవాళ్ళు ఏమంటారు?" అని అడిగారు ఆచార్యులుగారు.

దామోదరరావు కాస్త తటపటాయించి చెప్పాడు. "అబద్ధాలు పోయాయండీ, దాంతోపాటే మాటలూ పోయాయి అంటుంది ఇందుమతి. నిజమేనండీ, అమ్మాయి ఈమధ్య అడిగినదానికి ఊఁ, ఉహూఁ తప్ప పలకడం లేదు. వచ్చే నెల నుంచి హాస్టల్లో ఉంటానంటోంది. కాలేజీ ఇంటికి నడిచిపోయేంత దూరంలోనే ఉంది."

ఆచార్యులుగారు పుస్తకాలు అలమారలో పెట్టి వచ్చారు. "సరే, చూద్దాం. వచ్చే ఆదివారం కారుకు మెరుగు పెడదామనుకుంటున్నాను. నువ్వు రా. అమ్మాయిని కూడా తీసుకురా. పెద్ద పని, నా ఒక్కడివల్ల అయ్యేది కాదు," అన్నారు.

గురువుగారు కూతురికి నాలుగు మంచిమాటలు చెబుతారనుకున్నాడు దామోదరరావు. ప్రసూన కూడా అదే అనుకుని ఉంటుంది. ఆదివారం తెల్లవారగానే స్కూటరు వెనక కూర్చుని వచ్చింది కానీ దారంతా ఒక్క మాట మాట్లాడలేదు.

ఆచార్యులుగారు పంచె ఎగగట్టి సిద్ధంగా ఉన్నారు. కారును షెడ్డులోనే, నీడలో ఉంచారు. ఎండలో పెడితే రాసిన మెరుగు మందు రుద్దేలోపే ఆరిపోతుందని చెప్పారు. ఒక బకెట్లో సబ్బునీళ్ళు, ఇంకొక బకెట్లో మంచినీళ్ళు పెట్టించారు. కారు తుడిచిన గుడ్డను ముందు మంచినీళ్ళలో జాడించి, ఆ తర్వాతే సబ్బునీళ్ళలో ముంచాలి. లేకపోతే గుడ్డలో చిక్కుకున్న ఇసకే మళ్ళీ కారు మీద గీతలు గీస్తుంది. పైకప్పు నుంచి మొదలుపెట్టి కిందికి కడుక్కుంటూ వచ్చారు ముగ్గురూ. మంచి మాటలు ఏవీ రాలేదు. గురువుగారి నోట బకెట్ల సంగతి, గుడ్డల సంగతి తప్ప వేరే మాటే లేదు.

కారు ఆరాక ఆయన ప్రసూనకు ఒక పల్చని పాలిథిన్ కవరు ఇచ్చారు. "దీన్ని చేతికి తొడుక్కుని రంగు మీద మెల్లగా రాసి చూడమ్మా. కంటికి ఆననిది చేతికి తెలుస్తుందట."

ఆమె బానెట్టు మీద రాసి చూసింది. "సన్న ఇసక అంటుకున్నట్టుంది తాతగారూ," అంది.

దామోదరరావు వచ్చి, తానూ చేతికి కవరు తొడుక్కుని, అదే చోట రాసి చూశాడు. "అవునండీ, ఉంది," అన్నాడు. ప్రసూన కవరు తీసేసి పక్కకు జరిగింది. ఆచార్యులుగారు ఇద్దరి వంకా చూసి, బంకమట్టి ముద్దలాంటిది తెచ్చి ఇచ్చారు. తడి చేసి దాన్ని రంగు మీద జార్చుకుంటూ పోతే ఆ ఇసకంతా ముద్దకు అంటుకుని వచ్చేసింది.

ఆ తర్వాత అసలు పని. రబ్బరు అంచులకు కాగితం టేపు అంటించారు. ఆచార్యులుగారు రెండు డబ్బాలు ముందు పెట్టారు. ఒకటి గరుకు మందు, ఒకటి మెత్తటిది. ఆఖరున పూయడానికి వ్యాక్స్ డబ్బా, అంటే మైనం, పక్కన ఉంచారు. మెత్తటిదానితో మొదలుపెట్టాలి, దానికి లొంగకపోతేనే గరుకుది. "గీత కనబడితే దానికి అడ్డంగా గోరు పెట్టి లాగి చూడాలట. గోరు జారిపోతే పైపైన ఉన్నదే, రుద్దితే పోతుంది. గోరు తట్టుకుంటే లోతుగా ఉన్నట్టు. దాన్ని ఉండనివ్వాలట," అని చెప్పి, ఆయన కారులోకి ఎక్కి సీట్ల సందుల్లో దుమ్ము తీయడానికి కూర్చున్నారు. ఎడమవైపు ప్రసూన, కుడివైపు దామోదరరావు మొదలుపెట్టారు.

పని బాగానే సాగింది. సుద్దలాంటి పొర పోయి లోపలి నీలం తేలుతుంటే దామోదరరావుకు హుషారు వచ్చింది. వెనక తలుపు దగ్గరికి వచ్చేసరికి ఒక గీత కనబడింది. పిడికి కాస్త కింద, జానెడు పొడవున ఉంది. గోరు పెట్టి లాగాడు. తట్టుకుంది. అయినా చూద్దామనుకున్నాడు. చుట్టూ అంత నిగనిగలాడుతుంటే మధ్యలో ఈ గీత ఒక్కటీ ఉంటే ఏం బాగుంటుంది? మెత్తటి మందుతో రుద్దాడు. గీత అంచులు కొంచెం మొద్దుబారాయి. ఆశ పుట్టింది. గరుకు డబ్బా తీశాడు.

కారు పైకప్పు మీదుగా ప్రసూన చూసింది. అతను మళ్ళీ మందు అద్దుకోవడానికి గుడ్డ పైకెత్తినప్పుడు, "నాన్నా, ఆ గుడ్డ చూడు. నీలంగా అయిపోతోంది. అది మురికి కాదు, రంగు పోతోంది," అంది.

ఇన్ని రోజులకు పిల్ల తనతో ఇన్ని మాటలు అనడం ఇదే మొదటిసారి. దామోదరరావు ఆ సంగతి గమనించలేదు. "ఏళ్ళ తరబడి పట్టిన మురికి అలాగే వస్తుంది. నీ వైపు నువ్వు చూసుకో," అన్నాడు.

ఆమె తన వైపు తలుపు మీదికి వంగింది. ఆచార్యులుగారు లోపల సీటు మీద నుంచి అద్దంలోంచి చూశారు. కుంచెతో మళ్ళీ దుమ్ము దులపసాగారు.

దామోదరరావు గుడ్డ మడత తిప్పి మళ్ళీ రుద్దాడు. మళ్ళీ మడత తిప్పాడు. చెమట మోచేతి నుంచి కారుతోంది. గీత పల్చబడుతున్నట్టే ఉంది. ఇంకొంచెం రుద్దితే పోతుందనిపించింది. గీత తప్ప అతనికి వేరే ఏదీ కనబడడం లేదు. చివరికి వాడిన మందును ఒక తడిగుడ్డతో తుడిచి, ఒక అడుగు వెనక్కి వేసి చూశాడు.

తలుపు మధ్యలో అరచేయంత మేర నీలం లేదు. కింద పూసిన ఇటుకరంగు పూత బయటపడింది. ఆ ఎరుపు మధ్యలోంచి గీత నల్లగా, ఎక్కడున్నది అక్కడే ఉంది.

చేతిలోని గుడ్డ వంక చూసుకున్నాడు. మడత మడతకూ చక్కటి నీలం. అందులో మురికన్నది ఎక్కడా లేదు. ఇంతసేపూ తాను తీసింది ఇదన్నమాట. గురువుగారి కారు పాడుచేశానని సిగ్గేసింది. పిల్ల కారు చుట్టూ తిరిగి ఇటువైపు వస్తున్న అడుగుల చప్పుడు వినబడింది. చెప్పాను కదా అంటుందని అతను ఎదురుచూశాడు. అనడానికి ఆమెకు హక్కుంది. ఆమె స్థానంలో తానైతే అనేవాడే. ఆ ఒక్కసారే కాదు, ఇంటికి వెళ్ళాక కూడా అనేవాడు.

ప్రసూన వంగి ఆ మచ్చను చూసింది. వేలితో దాని అంచు తడిమింది. "ఇక్కడ ఈ రోజే వ్యాక్స్ పెట్టేద్దాం నాన్నా. లేకపోతే ఈ గాలికి తుప్పు పడుతుంది. రంగు తర్వాత వేయించవచ్చు," అంది.

అంతే అంది. తండ్రి చేతిలోంచి ఆ నీలం గుడ్డ తీసుకుని, నీళ్ళ బకెట్టు పక్కన పడేసి, శుభ్రమైన గుడ్డ తెచ్చింది.

దామోదరరావు ఆమెకు చోటిచ్చి పక్కకు జరిగాడు. "ఎంత రాయాలో నువ్వు చెప్పమ్మా," అన్నాడు.

"కొంచెమే. పల్చగా. ఆరాక తుడవాలి."

అతను వ్యాక్స్ డబ్బా పట్టుకున్నాడు, ఆమె రాసింది. ఆరిందా అని అతను అడిగాడు. ఆరింది నాన్నా అంది. వేలు పెట్టి చూడబోయినవాడల్లా చెయ్యి వెనక్కి తీసుకుని, తుడవడం మొదలుపెట్టాడు. తర్వాత ఇద్దరూ కలిసి మిగతా కారంతా పూర్తి చేశారు. మధ్యలో ఆమె, లైబ్రరీలో ఫ్యాను ఊడి పడబోయి అందరూ బల్లల కిందకు దూరిన సంగతి చెప్పింది. అతను విన్నాడు. ఏ రోజు, ఏ పుస్తకం కోసం వెళ్ళావని అడగలేదు.

పొద్దెక్కేసరికి పని అయింది. అద్దాలు తళతళలాడుతున్నాయి. ఒక్క తలుపు మీది ఎర్రమచ్చ తప్ప, కారు కొత్త పెళ్ళికొడుకులా ఉంది. ఆచార్యులుగారు దిగి, నడుము పట్టుకుని నిలబడి, చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. మచ్చ దగ్గర ఒక్క క్షణం ఆగి, ముందుకు కదిలారు. లోపలి నుంచి మజ్జిగ గ్లాసులు వచ్చాయి. ప్రసూన తన గ్లాసు తాగేసి, గుడ్డలు ఉతకడానికి పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళింది.

దామోదరరావు మజ్జిగ తాగలేదు. "తలుపుకి రంగు నేను వేయిస్తానండీ," అన్నాడు.

"చూద్దాంలే. తలుపు పడుతోంది కదా, నడుస్తుంది," అన్నారు ఆచార్యులుగారు.

అతను ఇక ఉండబట్టలేక అడిగాడు. "లోపల కూర్చుని మీరు చూస్తూనే ఉన్నారు. తలుపు పాడైపోతోందని మీకు తెలుసు. నన్ను ఎందుకు ఆపలేదండీ?"

ఆచార్యులుగారు ఖాళీ గ్లాసు అరుగు మీద పెట్టి, కుళాయి చప్పుడు వస్తున్న వైపు చూశారు.

"అమ్మాయి చెప్పింది కదయ్యా. నిజమే చెప్పింది. మళ్ళీ నేనెందుకని ఊరుకున్నాను," అన్నారు.