జోగినాయుడి సర్వీసు ప్లాను

పాడేరు హైస్కూల్లో జోగినాయుడు అనే డ్రాయింగు మాస్టారు ఉండేవాడు. అతనికి లోకంలో ప్రతిదానికీ భయమే, అన్నిటికన్నా ఎక్కువ భయం నోరు తెరిచి ఒక మాట అడగాలంటే. ఈ బస్సు ఎక్కడికి వెళుతుందని కండక్టరును అడిగేవాడు కాదు. తప్పు బస్సయితే తర్వాతి స్టాపులో దిగి నడిచి వచ్చేవాడు. డాక్టరు మాత్రలు రాసిస్తే తిండికి ముందా, తర్వాతా అని అడగలేక ఒకరోజు ముందు, ఒకరోజు తర్వాత మింగేవాడు. "అడిగితే ఏమనుకుంటారో" అన్నది అతని ఊతపదం. భార్య వరహాలు స్వయానా మేనమామ కూతురు. ఆవిడకు ఆ జబ్బు లేదు. "మా బావకు దేవుడు నోరిచ్చింది అన్నం తినడానికేనమ్మా" అని ఇరుగుపొరుగు దగ్గర నవ్వేది.

అలాంటివాడు ఒక కారు కొన్నాడు. కూతురు హంసికకు ఆరేళ్ళు. ఆ పిల్లతో కిక్కిరిసిన జీపుల్లో ఘాట్ రోడ్డు దిగాలంటే ప్రతిసారీ అతనికి ప్రాణం కడబట్టేది. అందుకని కూడబెట్టినదంతా తీసుకుని, భార్యనూ పిల్లనూ వెంటబెట్టుకుని విశాఖపట్నంలోని ఒక షోరూముకు వెళ్ళాడు. కారు ఖాయమయ్యాక టై కట్టుకున్న ఒకతను ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పాడేరా సార్? అయితే ఎప్పుడూ ఘాట్ రోడ్డేనన్నమాట!" అని నిట్టూర్చాడు. "ఆ మలుపుల్లో బండి మొరాయిస్తే ఏం చేస్తారు? పక్కన పాప కూడా ఉంటుంది. మాటవరసకే అంటున్నాను లెండి. మా దగ్గర సర్వీసు ప్లాను ఉంది. మూడేళ్ళ సర్వీసు డబ్బు ఇప్పుడే కట్టేయండి. ఇక బండి సంగతి మాకు వదిలేసి గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోండి."

పాప అన్న మాట చెవిన పడగానే జోగినాయుడి గుండె గుభేలుమంది. కళ్ళ ముందు లోయ కనబడింది.

వరహాలు మోచేత్తో పొడిచింది. "బావా, ఆ ప్లానులో ఏమేం చేస్తారో, ఏమేం చెయ్యరో అడుగు. మన బండి ఏడాదికి తిరిగేదెంత? అంత డబ్బు పెట్టడం దండగేమో."

"ఊరుకోవే. పిల్ల ప్రాణం కన్నా వీళ్ళకు డబ్బే ఎక్కువ అనుకోరూ?" అని గొణిగాడు జోగినాయుడు.

"అయితే నేనడుగుతానుండు" అని వరహాలు నోరు తెరిచేలోగా సంతకం చేసేశాడు. బయలుదేరుతుంటే ఆ టై అతను గుమ్మందాకా వచ్చి, "బండిని ఎవరికి పడితే వాళ్ళకు చూపించకండి సార్, మా దగ్గరికే తీసుకురండి" అన్నాడు. ఆ మాట జోగినాయుడి మనసులో నాటుకుపోయింది. బయటివాడు చెయ్యి వేశాడంటే కట్టిన డబ్బంతా గంగపాలేనని తనకు తానే తీర్మానించుకున్నాడు. అవునా, కాదా అని ఎవరినైనా అడిగాడా? అడిగితే జోగినాయుడెందుకవుతాడు!

పోనీ, అంత పోసి కొన్న ప్లానుతో భయమైనా పోయిందా అంటే, అదీ లేదు. పాత భయం మీద కొత్త భయం వచ్చి కూర్చుంది. పెట్రోలు బంకులో ఎవరైనా టైరులో గాలి చూడబోతే, "వద్దు బాబూ, వద్దు" అని అడ్డం పడేవాడు. బండి ముందుమూత ఎత్తి చూడడానికే జంకేవాడు. అన్నీ వాళ్ళే చూసుకుంటారు కదా, మనకెందుకు అనుకునేవాడు.

రెండో ఏడు వానలు వెలిశాక, బ్రేకు తొక్కినప్పుడల్లా ముందు చక్రాల దగ్గర కీచుమని చప్పుడు మొదలైంది. జోగినాయుడు విననట్టు నటించాడు. నాలుగు రోజులకు ఆ కీచు కాస్తా గరగరగా మారింది.

"బావా, బస్టాండు దగ్గర మెకానిక్కు ఉన్నాడు కదా, ఒకసారి చూపించు" అంది వరహాలు.

"అమ్మో! వాడు చెయ్యి వేస్తే ప్లాను పోతుంది."

"పోతుందని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదనుకో. అయినా వచ్చే నెల సర్వీసు ఉంది. అప్పుడు వాళ్ళే చూస్తారు."

"ఒక్క ఫోను చేసి అడగవయ్యా మగడా! నోటి ముత్యాలేం రాలిపోవు."

జోగినాయుడు ఫోను చేతిలోకి తీసుకున్నాడు. నంబరు నొక్కాడు. అవతల మోగుతుండగానే పెట్టేశాడు. ఇంత చిన్నదానికి ఫోను చేశాడేమిటని నవ్వుతారేమోనని అతని బాధ. ఆ నెలంతా ఆ గరగర వింటూనే బడికీ ఇంటికీ బండి నడిపాడు.

సర్వీసు రోజు వచ్చింది. బడికి సెలవు కావడంతో సముద్రం చూస్తానని హంసిక కూడా బయలుదేరింది. ముగ్గురూ పొద్దున్నే ఘాట్ రోడ్డు దిగసాగారు. మంచు ఇంకా విడలేదు. ఒక పక్క కొండ, ఒక పక్క ఏమీ కనబడని తెల్లటి లోయ. జోగినాయుడు భయంతో బ్రేకు మీద నుంచి కాలు తియ్యలేదు. ఎంత తొక్కితే అంత గరగర. కొంత దూరం వెళ్ళేసరికి ఏదో మాడిన వాసన వచ్చింది.

"నాన్నా, కంపు!" అంది హంసిక వెనక నుంచి ముక్కు మూసుకుని.

మరో మలుపు దగ్గర బ్రేకు తొక్కితే అది మెత్తగా కిందికి దిగిపోయింది. మళ్ళీ తొక్కాడు. కాలు అడుగున తగిలింది గానీ బండి ఆగలేదు. అయ్యో, పిల్ల! అన్న ఒక్క మాట తప్ప జోగినాయుడి బుర్రలో ఇంకేమీ లేదు.

"బావా, ఆపు!"

"ఆగట్లేదే! పాపను పట్టుకో!" అని అరిచాడు.

గేరు తగ్గించాడు. ఇంజను గట్టిగా మూలిగింది. వేగం కొంచెం తగ్గింది, కానీ చాల్లేదు. ఇంతలో కింది మలుపులోంచి బస్సు హారను వినిపించింది. ఎదురుగా బస్సు, ఎడమ పక్క లోయ అంచు. వరహాలు సీటు మీద నుంచి వెనక్కి వంగి పిల్ల తలను రెండు చేతులతో కప్పేసింది. జోగినాయుడు ఇంకేమీ ఆలోచించలేదు. బస్సు రాకముందే కుడి పక్క కొండ వైపు స్టీరింగు తిప్పేసి, హ్యాండు బ్రేకు లాగాడు. బండి కొండ పక్క కాలవలోకి దిగి, మట్టిగట్టును రాసుకుంటూ వెళ్ళి, పెద్ద చప్పుడుతో ఆగింది.

బస్సులోని జనం పరుగెత్తుకొచ్చి ముగ్గురినీ బయటికి లాగారు. వరహాలు మణికట్టు విరిగింది. హంసిక పెదవి చిట్లి గౌను మీద నెత్తురు కారింది. పిల్ల ఏడవను కూడా ఏడవలేదు; తండ్రిని చూసి వెనక్కి జరిగి, తల్లి కొంగులో మొహం దాచుకుంది. అది చూశాక జోగినాయుడు రోడ్డు పక్కన కూలబడి భోరుమన్నాడు.

ఆస్పత్రిలో కట్టు కట్టించుకున్నాక వరహాలు అతని చేతిలో ఫోను పెట్టింది. "ఇప్పుడైనా అడుగుతావా?" అంది. అతను షోరూముకు ఫోను చేశాడు.

"మా ప్లానులో బ్రేకులున్నాయా అండీ?"

"లేవండీ. ఆయిలు మార్చడం, ఫిల్టర్లు, మామూలు తనిఖీ, అంతే. బ్రేకు ప్యాడ్లు అరిగే సామాను కదండీ, వాటికి మీరే పెట్టుకోవాలి."

"అవి బయట వేయించుకుంటే ప్లాను పోతుందా?"

"ఎందుకు పోతుందండీ? మంచి సామాను వేయించుకుంటే చాలు."

మాట అక్కడితో అయిపోయింది. ఆమాత్రం మాటకు జోగినాయుడు ఇంతకాలం భయపడ్డాడు.

హంసిక మళ్ళీ కారెక్కడానికి చాలా రోజులు పట్టింది. ఒకనాడు బళ్ళో వ్యాయామం మాస్టారు కొర్రా సుందర్రావు, "నేనూ కారు కొంటున్నాను మాస్టారూ, ఆ సర్వీసు ప్లాను తీసుకోమంటారా, వద్దంటారా?" అని అడిగాడు.

"నేను తీసుకోమననూ, వద్దననూ" అన్నాడు జోగినాయుడు. "అందులో ఏముందో, ఏం లేదో అడుగు. నీ బండి ఎంత తిరుగుతుందో లెక్క చూసుకో. అదే పని ఇక్కడ చేయించుకుంటే ఎంతవుతుందో కనుక్కో. గిట్టుబాటైతే కట్టు, లేదంటే లేచి వచ్చేయ్."

"అన్ని ప్రశ్నలేస్తే వాళ్ళేమనుకుంటారో!" అని నవ్వాడు సుందర్రావు.

జోగినాయుడు మాత్రం నవ్వలేదు. "ఏమైనా అనుకోనీ తమ్ముడూ. ఆ మాటకే భయపడి నేను నా కూతుర్ని లోయ అంచుదాకా తీసుకెళ్ళాను" అన్నాడు.

నీతి: భయం వేసినప్పుడు డబ్బు తీసే ముందు నోరు విప్పి అడగాలి, ఏం కొంటున్నామో తెలియకుండా కొన్న ధైర్యం ఆపదలో నిలబడదు.