మూడు తుపాకులు, మూడు రంగుల దారాలు

అనగనగా ఒక కొండల రాజ్యం. దానికో రాజు. ఆ రాజుకు ఏనుగులు లేవు, పెద్ద కోటా లేదు. ఉన్నవల్లా మూడు వేట తుపాకులు. వాటికి ముద్దుగా పేర్లు కూడా పెట్టుకున్నాడు: ఉరుము, మెరుపు, చినుకు.

మూడూ ఒకే కమ్మరి చేతిలో తయారైనవే. గొట్టాల వెడల్పు ఒకటే గానీ ఉక్కు మందం వేరు. ఉరుముది మొద్దు ఒళ్ళు, దానికి మందు బాగా దట్టించాలి. మెరుపుకు అందులో సగం. చినుకును రాణిగారి కోసం పలుచగా చేశారు, దానికి చిటికెడు చాలు.

ఆ రాజ్యంలో తూటాలను ఇంట్లోనే నింపేవాళ్ళు. వేట అయ్యాక ఖాళీ ఇత్తడి తొడుగులు ఏరుకొచ్చి, శుభ్రంగా తుడిచి, మళ్ళీ మందు పోసి, సీసపు గుండు బిగించేవాళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఆ పని గవరయ్యది. తమలపాకులు నములుతూ, వచ్చేపోయేవాళ్ళతో కబుర్లాడుతూ, కంటి కొలతతోనే బుట్టెడు నింపేసేవాడు. గురి తప్పితే "గాలి మహారాజా, పాడు గాలి!" అనేవాడు. ఊరంతా అతన్ని తూటాల గవరయ్య అని పిలిచేది. ఆ పిలుపు వింటే చాలు, చెయ్యి మీసం మీదికి పోయేది.

ఒక వానాకాలం గవరయ్య జ్వరంతో మంచం పట్టాడు. పక్కింట్లో పైడమ్మ అనే ఆవిడ ఉండేది. ఆమె పెనిమిటి బతికున్నన్నాళ్ళూ రాజుగారి తుపాకులు మోశాడు. రాజు ఆ పని ఆమెకు అప్పగించాడు. పైడమ్మ మూడు వెదురు కొలతలు చెక్కుకుంది. ఉరుము తూటాలకు ఎర్ర దారం, మెరుపు తూటాలకు పసుపు దారం, చినుకు తూటాలకు తెల్ల దారం చుట్టింది. ఆ నెలంతా రాజు గురి ఒక్కసారీ తప్పలేదు.

గవరయ్య లేచి కోటకు వెళితే రాజు నవ్వుతూ, "నువ్వింక విశ్రాంతి తీసుకోవయ్యా, పైడమ్మ ఉందిగా" అన్నాడు.

జ్వరం తగ్గింది గానీ గవరయ్యకు కడుపులో మంట మొదలైంది. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగదు. గోడ అవతల పైడమ్మ ఇత్తడి తొడుగులు తుడుస్తున్న చప్పుడు వింటే ఒళ్ళు మండిపోతుంది. 'నిన్నగాక మొన్న వచ్చింది, దీనికింత పేరా?' అని కళ్ళలో నిప్పులు పోసుకున్నాడు.

మొదటిసారి చాడీ చెప్పాడు. "మహారాజా, ఆవిడ మందంతా పాడుచేస్తోంది. పోస్తుండగా ఎవరైనా పలకరిస్తే చాలు, పోసిందంతా వెనక్కి ఒంపేసి మళ్ళీ మొదలుపెడుతుంది!"

రాజు పిలిపించి అడిగాడు. "నిజమే బాబూ," అంది పైడమ్మ. "ధ్యాస చెదిరాక పడింది ఎక్కువో తక్కువో నాకే తెలీదు. నాకు తెలీనిదాన్ని మీ చేతిలో ఎలా పెడతాను? ఒంపిన మందు ఎక్కడికీ పోదు, డబ్బాలోకే పోతుంది."

రాజు మెచ్చుకుని ఆమెకు పట్టుచీర పెట్టాడు. చాడీ చెప్పింది గవరయ్య, చీర కట్టుకుంది పైడమ్మ!

రెండోసారి ఆమె అరుగు మీదే తిష్ఠ వేశాడు. "ఏం చెల్లెమ్మా, కూరేం వండావు?" అంటాడు. ఆమె మందు వెనక్కి ఒంపేసి, "వంకాయ అన్నయ్యా" అని మళ్ళీ మొదలుపెడుతుంది. "మీ మేక ఈనిందా?" ఒంపేసింది. "నిన్న వాన పడిందా?" ఒంపేసింది. మధ్యాహ్నానికి గవరయ్య గొంతు బొంగురుపోయింది. ఆమె నింపినవి ఏడే తూటాలు, ఏడుకు ఏడూ సరిగ్గా ఉన్నాయి.

ఇంతలో ఒక చిరుతపులి ఊరి మేకల మీద పడింది. రాజు వేటకు ముహూర్తం పెట్టించాడు. అడవిలో అడుగుపెట్టే ముందు, జనమంతా చూస్తుండగా ప్రతి తుపాకీతో ఒక కుండను కొట్టడం అక్కడి ఆచారం. చిన్న తుపాకీతో మొదలుపెట్టి పెద్దదానితో ముగిస్తారు.

గవరయ్యకు మూడో ఉపాయం తట్టింది. పైడమ్మ నీళ్ళకు వెళ్ళిన సమయం చూసి ఇంట్లో దూరాడు. ఎర్ర దారాలు విప్పి చినుకు తూటాలకు కట్టాడు. తెల్ల దారాలు ఉరుము తూటాలకు చుట్టాడు. 'రేపు ఉరుము తుస్సుమంటుంది. గుండు కుండ దాకా కూడా పోదు. పైడమ్మ పరువు పోతుంది!' అని మురిసిపోయాడు. చినుకు సంగతి అతను లెక్కలోకే తీసుకోలేదు. దానితో కుండ కొట్టేది రాణిగారు, ఆవిడేమో పుట్టింట్లో ఉన్నారు, ఇంక దాన్ని ఎవరు ముట్టుకుంటారు?

మర్నాడు పొద్దున జనం పోగయ్యారు. రాజు చుట్టూ చూశాడు. ఓ మూల గవరయ్య కనిపించాడు. పాపం, ఇరవై ఏళ్ళు సేవ చేసినవాడు అని జాలేసింది. చినుకులో తెల్ల దారం తూటా పెట్టి అతని చేతికిచ్చాడు.

"రాణిగారు లేరు కదా గవరయ్యా! మొదటి కుండ నువ్వే కొట్టు."

గవరయ్యకు గుండె జారిపోయింది. ఉరుముకు పెట్టే మందు ఈ పలుచటి గొట్టంలో! మీట నొక్కితే పేలేది కుండ కాదు, తన తలకాయ. నొక్కకపోతే రాజాజ్ఞ ధిక్కారం. తుపాకీ నేల మీద పెట్టి రాజు కాళ్ళ మీద పడ్డాడు.

"మహారాజా, దారాలు మార్చింది నేనే! ఓర్వలేక చేశాను. నన్ను చంపకండి!"

జనం నోళ్ళు తెరిచారు. రాజు ముఖం ఎర్రబడింది. అప్పుడు పైడమ్మ ముందుకొచ్చింది.

"కాల్చు అన్నయ్యా, ఏం కాదు. నిన్న నీళ్ళు తెచ్చి వచ్చి ముడి చూడగానే అది నాది కాదని తెలిసింది. అన్నీ విప్పి, ఒంపేసి, మొదటినుంచీ నింపాను. ఆ పని ఎవరిదో కూడా తెలుసు. అడగలేదు, అంతే."

గవరయ్య ఆమె కళ్ళలోకి చూశాడు. ఎవరి పనిని చెడగొట్టాలని ఇన్నాళ్ళూ గొంతు చించుకున్నాడో, ఆమె తూటానే ఇప్పుడు తన చెంప పక్కన పెట్టుకోవాలి. తుపాకీ ఎత్తాడు. కళ్ళు మూసుకుని మీట నొక్కాడు.

కుండ ముక్కలైంది. చెంపకు సెగ కూడా తగల్లేదు. గవరయ్య అక్కడే కూలబడి, సిగ్గుతో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఇతనికేం శిక్ష వెయ్యమంటావు?" అని రాజు పైడమ్మను అడిగాడు.

"నా అరుగు మీద కూర్చుని తొడుగులు తుడవనివ్వండి బాబూ. మాట్లాడకుండా తుడిస్తే అదే పదివేలు."

ఆ రోజునుంచి గవరయ్య నోరు కట్టుకుని తుడిచాడు, పైడమ్మ నింపింది. రాజు గురికి చిరుత పీడ వదిలి, ఊళ్ళో మేకలన్నీ క్షేమంగా ఇళ్ళకు చేరాయి.

పిల్లలూ, విన్నారుగా: ఒకరి పనితనం చూసి కుళ్ళుకునేవాడికి తాను చేసే కీడులో సగమే కనిపిస్తుంది, కనపడని సగం తిరిగి తన మీదికే వస్తుంది.