ముద్ర చెదరని బొమ్మల పెట్టె

ఒకానొక రాజ్యంలో ప్రతి ఇల్లూ బొమ్మల పెట్టె కొని తీరాలని ఆజ్ఞ. పెట్టె లోపల దీపం, ముందు పల్చని తెర. మర తిప్పితే తెర మీద రాజుగారి విజయాలే ఆడతాయి. మరో కథ ఆడదు. మూతకు రాజముద్ర ఉంటుంది. అది చెదిరితే ఊరి నుంచి వెలివేత.

చెప్పులు కుట్టే నూకాలుకు ఒళ్లు మండింది. "కొన్నది మనం, చూసేది వాళ్లు చెప్పిందా?" అంటూ, ఊరికి కాలువ తవ్విన తాతల బొమ్మలను తోలు కత్తిరించి చేసింది. ఎవరైనా చెయ్యి వెయ్యొచ్చంది. కుమ్మరి ఎద్దును చేశాడు, బట్టలుతికే పోలమ్మ ఏకంగా వాననే చేసింది.

సందెవేళ పెట్టెను సున్నపు గోడకు ఎదురుగా పెట్టి, మర ముట్టకుండా, మధ్యలో తమ బొమ్మలు ఆడించారు. గోడ నిండా ఊరి కథే!

వినోదాధికారి భుజంగరాయుడు ఊడిపడ్డాడు. "ముద్ర పగలగొట్టావటే!"

"చూసుకోండి దొరా, గోరైనా తగల్లేదు. మీ బొమ్మలు లోపల హాయిగా నిద్రపోతున్నాయి."

తడిమి చూశాడు. ముద్ర చెక్కుచెదరలేదు. "అయినా వెలుగు రాజుగారిది!"

"అయితే దాన్ని బయటికి రానివ్వకండి."

అధికారి భటుడి కంబళి లాగి పెట్టె మీద కప్పేశాడు. అంతా చీకటి.

"ఇక రాజుగారి కథ చూపించండి దొరా. చూడలేదని రేపు మమ్మల్నే కొడతారు."

అధికారి తిప్పుతుంటే కాసేపు మర కిరకిరలాడింది. ఏమీ కనబడలేదు. చివరికి ఆయనే విసురుగా కంబళి లాగేశాడు. గోడ మీద, కాలువ తవ్వే తాతల ముందు, ఆయన నీడే ఇంతెత్తున లేచింది. ఊరంతా ఈలలు.

"కదలకండి దొరా!" అంది నూకాలు. "తాతలకు అడ్డొచ్చిన బండరాయి బొమ్మ ఇంకా చెయ్యలేదు."