మూత తీసి చూసిన చలికాలం

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త కిల్లో బుద్రమ్మ. ఆవిడ ఈ కథలో గురువైన లోకన్న ఇంటి కోడలు. కళ్ళతో చూసిన మనిషి.

లోకన్నది తేనెటీగలు పెంచే కుటుంబం. చింతపల్లి పైన కొండవాలులో పన్నెండు పెట్టెలుండేవి. ఆ పని నేర్చుకోడానికి వచ్చిన గాసిబాబుకి ఒక పెట్టె చూపించి, "చలికాలం దాటిస్తే ఇది నీది. పట్టుకెళ్ళి నీ ఇంటిదగ్గర పెట్టుకుని బతుకు" అన్నాడు గురువు.

ఈగలకి తేనెనిచ్చే వలిసె పూలు రాలిపోయాయి. ఒక్కో పెట్టెలో రెండేసి తేనెపట్లు ఈగల తిండికని వదిలేశారు. గుమ్మం రెండు ఈగలు పట్టేంత ఉంచి మిగతాది మట్టితో మెత్తారు. పైన గడ్డి, గడ్డిమీద గోనె.

"ఇక మన పని అయిపోయింది" అన్నాడు లోకన్న.

గాసిబాబు మనసు ఆగితేగా! మంచులో పోయి, గోనె తీసి, మూత ఎత్తేవాడు. ఈగలన్నీ రాణిని నడుమ పెట్టుకుని ముద్దగా ఉండేవి. బతికే ఉన్నాయని నిమ్మళించి మూత పెట్టేవాడు. మధ్యాహ్నానికి మళ్ళీ అనుమానం.

అయిదోరోజుకి గుమ్మం ముందు చచ్చిన ఈగలు దోసెడు.

"అయ్యా, నా పెట్టె పోయేలా ఉంది" అని ఏడుపుమొహంతో వచ్చాడు. "కన్నబిడ్డలా చూసుకుంటున్నాను!"

"ఎన్నిసార్లు చూసుకున్నావురా?"

"పూటకోసారి. మీరొక్కసారైనా చూశారా? మీకేం, ఇంకా పదకొండున్నాయి."

"అవున్రా, నీ అంత ప్రేమ నాకెక్కడిది. పోయి అన్నం తిను."

మర్నాడు తెల్లారగట్ల గాసిబాబు వసారాలో ముడుచుకుని పడుకున్నాడు. లోకన్న వచ్చి దుప్పటి మొత్తం ఎత్తేశాడు. వంగి మొహంలోకి చూశాడు.

"బతికే ఉన్నావు."

దుప్పటి కప్పి, అంచు కాళ్ళకింద దోపి వెళ్ళాడు.

ఒళ్ళు కాస్త వెచ్చబడేసరికి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ ఎత్తాడు.

"ఇంకా ఉన్నావు." మళ్ళీ కప్పాడు.

మూడోసారికి గాసిబాబు దుప్పటి రెండుచేతులా పట్టుకున్నాడు. "చలికి చంపేస్తారా ఏంటయ్యా!"

"నీమీద బెంగరా."

గాసిబాబు లేచి, దుప్పటి భుజాన వేసుకుని పెట్టె దగ్గరికి పోయాడు. మూత ముట్టుకోలేదు. దుప్పటిని గోనెమీద కప్పి, చెక్కకి చెవి ఆనించి కూర్చున్నాడు. లోపల సన్నగా గుయ్యిమంటోంది.

"ఆపాటి కబురు చాలదూ?" అన్నాడు లోకన్న వెనకనుంచి.

మాఘం ఎండలకి ఆ పెట్టెలోని ఈగలు బయటికొచ్చాయి. గాసిబాబు దాన్ని నెత్తిన పెట్టుకుని ఇంటికెళ్ళాడు.

ఇప్పుడు సంతలో సన్యాసినాయుడు ఈ కథ చెబుతూ, గురువు దుప్పటి లాగి పారేశాడంటున్నాడు. లోకన్న ఎత్తినప్పుడల్లా తిరిగి కప్పాడు. కాళ్ళకింద దోపాడు కూడా. నాకు నాయుడితో మాటల్లేక తొమ్మిదేళ్ళు. మాటలున్నవాళ్ళెవరైనా వాడిచేత ఆ ముక్క దిద్దించండి.