నీటి గళ్లు

కొన్నాళ్లుగా భానోజీ మేష్టారికి ఒకటే కల. ఆకాశం లేని చోట, తెల్లటి గళ్ల మీద నడుస్తుంటాడు. మధ్య మధ్య నల్ల గళ్లు, మూతలేని నూతుల్లా. వెనక నుంచి ఎవరో మెత్తటి గొంతుతో ఏదో అడుగుతుంటారు. జవాబు అతనికి తెలుసు. చెబుదామని తిరిగేసరికి అక్కడ ఎవరూ ఉండరు. మెలకువ వచ్చేస్తుంది.

ఆ కలని మోసుకుని నాగావళి దాటి గురువుగారి దగ్గరికి వెళ్లాడు.

పూర్ణయ్య గారిది ఏటి ఒడ్డున చిన్న పెంకుటిల్లు. ఎవరైనా వచ్చి అడిగితే నాలుగు మంచి మాటలు చెబుతారు. చాలాసార్లు ఏమీ చెప్పకుండా ఊరుకుంటారు. తెలుగు పంతులుగా రిటైరయిన దగ్గర్నుంచి భానోజీ ఆయన శిష్యుడు.

ఎండ తగ్గుముఖం పట్టింది. అవతలి ఒడ్డున బూరుగు కాయలు పగిలి, దూది ఏటి మీదుగా తేలి వస్తోంది. గురువుగారు రాతి అరుగు మీద, పక్కన చెంబుడు నీళ్లు పెట్టుకుని కూర్చున్నారు. కల అంతా విన్నారు.

"ఎవరంటావు ఆ మనిషి?"

"నాగకేసరం అనుకుంటానండి."

నాగకేసరం అసలు పేరు కాదు. రోజూ పేపర్లో గళ్లనుడికట్టు కట్టేవారి కలం పేరు. ఆడో మగో, ఏ ఊరో భానోజీకి తెలియదు. తెల్లారి కాఫీ గ్లాసు చల్లారేలోపు ఆ గళ్లన్నీ నింపేసేవాడు. నింపాక అసలు పని మొదలయ్యేది. ఏ ఆధారం కుంటిదో, ఏ మాట నిఘంటువులో లేదో, ఏ జవాబు కిందటి నెలలో వచ్చిందో పట్టుకుని పేపరు వాళ్లకి కార్డు ముక్క రాసేవాడు. రాస్తే అచ్చు వేసేవారు. వీధిలో నలుగురూ చదివి, మేష్టారి కంట్లో పడితే ఇంక అంతేనండీ అనేవారు.

ఒకనాడు నుడికట్టులో 'వెన్నెల' అని ఆధారం ఇచ్చి, మర్నాడు జవాబు 'జాబిలి' అని వేశారు.

"ఏం రాశావు?" అని అడిగారు గురువుగారు.

భానోజీ గొంతు తగ్గించి చెప్పాడు. "దీపానికీ వెలుగుకీ తేడా తెలియనివారికి గళ్లు కట్టే పని ఎందుకూ అని."

"తర్వాత?"

"అదీ వేశారండి. ఆ పై ఆదివారం, కూర్పరి విశ్రాంతి కోరినందున నుడికట్టు ఆపుతున్నాం అని చిన్న ప్రకటన. ఇప్పుడక్కడ అంకెల పట్టికేదో వస్తోంది." చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. "నేను రాసింది తప్పు కాదండి. జాబిలి వేరు, వెన్నెల వేరు. కానీ పొద్దున్నే పేపరు తెరిస్తే, ఇంట్లో మనిషి లేనట్టుంటోంది."

"బాగున్న రోజున ఏం రాసేవాడివి?"

భానోజీకి ప్రశ్న అర్థం కాలేదు. "బాగుంటే రాయడానికి ఏముంటుందండీ?"

గురువుగారు అవునన్నట్టు తలూపారు. దూది పింజ ఒకటి ఆయన భుజం మీద వాలి, మళ్లీ లేచిపోయింది. చెంబులో వేలు ముంచి రాతి మీద గీతలు గీశారు. అడ్డంగా రెండు గళ్లు. మొదటి గడి కిందికి మరో రెండు.

"ఇలాగేనా ఉంటాయి?"

"ఇలాగేనండి."

"అడ్డం. కళ్లు మూస్తే కనిపించేది."

భానోజీ నవ్వాడు. "కల."

గురువుగారు తడి వేలితో రాశారు. రాతి వేడికి 'క' అప్పుడే అంచుల నుంచి ఆరిపోతోంది. ఆయన దాన్ని మళ్లీ దిద్దారు.

"ఆ క నుంచి నిలువు. ఎన్ని నీళ్లు మోసినా దాహం తీరనిది."

"కడవ."

ఆరిపోయినవి దిద్దుతూ, కొత్తవి రాస్తూ ఆయన వేలు మాటిమాటికీ చెంబులోకి వెళ్లి వస్తోంది. ఏటి చప్పుడు ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వినిపిస్తోంది. భానోజీకి తను మేలుకుని ఉన్నాడో లేదో తెలియని హాయి కమ్మింది. చాలా రోజుల తర్వాత ఎవరో తనని అడుగుతున్నారు, తను చెబుతున్నాడు.

గురువుగారు అట్టడుగున ఉన్న 'వ' పక్కన ఇంకో రెండు గళ్లు గీశారు.

"వ నుంచి అడ్డం. మూడు గళ్లు. నీళ్లని వదిలేసి చేపల్ని పట్టేది."

వల. రెండక్షరాలే. గడి ఒకటి ఎక్కువైంది.

తప్పు అనే మాట భానోజీ నాలుక చివరికి వచ్చింది. చెప్పబోతూ తలెత్తాడు.

గురువుగారు ముందుకి వంగి చూస్తున్నారు. వేలి కొసన నీటిచుక్క వేలాడుతోంది. ముడతల మధ్య ఆ కళ్లు, దాగుడుమూతల్లో దాక్కుని తొంగిచూసే పిల్లవాడి కళ్లలా ఉన్నాయి. ఒకరు మన కోసం ఒక మాట దాచిపెట్టి, దొరికిందా లేదా అని ఎదురుచూస్తే, వాళ్ల ముఖం ఇలా ఉంటుందా? ఇన్నేళ్లలో అతను ఆ ముఖాన్ని ఒక్కసారీ ఊహించుకోలేదు.

"వల" అన్నాడు మెల్లగా.

గురువుగారు సంతోషంగా 'ల' రాశారు. రాసి ఆగారు.

"ఒక గడి మిగిలిపోయిందే?"

"మిగలనివ్వండి."

"తప్పు కాదూ?"

"తప్పేనండి." భానోజీ ఆ ఖాళీ గడినే చూస్తున్నాడు. చూపు మసకబారింది. "ఆట చాలా బాగుందండి, గురువుగారూ."

పూర్ణయ్య గారు తడి వేలు పంచెకి తుడుచుకున్నారు.

"ఈ మాట నాకెందుకు చెబుతావు?"

భానోజీ లేచి నిలబడ్డాడు. రేవులో పడవ ఇంకా ఉంది.