బూరెలవారి నల్లకారం రహస్యం

రామచంద్రపురంలో బూరెలవారిని మించిన తెలివైనవాళ్ళు లేరు. ఎవరన్నారంటారా? బూరెలవారే అన్నారు. గవర్రాజు, అతని పెళ్ళాం వెంకాయమ్మ, తమ్ముడు సత్తిపండు, ముగ్గురూ వెంకాయమ్మ చేసే నల్లకారం అమ్ముకుని బతుకుతున్నారు. అందులో ఏం పడుతుందో ఆ గడప దాటి ఎవరికీ తెలియదు. తెలిసిందా, ముగ్గురికీ కూడు లేనట్టే.

ఓనాడు మిక్సీ జార్ కొందామని సత్తిపండు ఫోన్లో ఓ అంగడి యాప్ ఎక్కించాడు. "మీ ఊరు చూడొచ్చా? మీ మాటలు వినొచ్చా?" అని అడిగిందది.

"ఎంత మర్యాదస్తులురా! అడిగినవాళ్ళని కాదంటామా?" అన్నాడు గవర్రాజు.

అంతే, అన్నిటికీ సరేనని నొక్కేశారు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకా బోలెడు రాసుంది. చిన్న అక్షరాలు కదా, చిన్న సంగతులేలే అని వదిలేశారు. పైన మాత్రం ఇంతలావున ఉంది: "మీ రహస్యాలు మా దగ్గర భద్రం."

సత్తిపండు తల గోక్కున్నాడు. "అన్నయ్యా, మన రహస్యం వాళ్ళ దగ్గర లేదు కదా! లేనిదాన్ని ఎలా భద్రం చేస్తారు?"

"అవును, పాపం వాళ్ళ మాట పోతుంది. చెప్పెయ్యవే," అన్నాడు గవర్రాజు పెళ్ళాంతో.

ఇంకేముంది! వెంకాయమ్మ తలుపులేసి, కిటికీలు బిగించి, పక్కింటికి వినపడకుండా ఫోన్లో గుసగుసగా చెప్పేసింది. ధనియాలు, వెల్లుల్లి, చింతపండు, ఆఖర్న దోరగా వేయించిన వాము.

వారం తిరిగేసరికి ఫోన్లో ప్రకటన: "మీకోసమే! వాము వేసిన ఇంటి నల్లకారం." ఊరంతా ఆ పొట్లాలే కొన్నారు.

"చూశావా వదినా, సీలు వేసి మరీ భద్రం చేశారు!" అని మురిసిపోయాడు సత్తిపండు.

ఇంట్లో కారం అలాగే ఉండిపోయింది. ఎసట్లో పోయడానికి బియ్యం లేవు. అప్పుడు ఏడుపొచ్చింది వెంకాయమ్మకి. "మా అత్త పోతూ పోతూ నాకు చెప్పిన మాటండీ అది. వెనక్కి అడగండి!"

వెతగ్గా వెతగ్గా యాప్‌లో అట్టడుగున, కనిపించీ కనిపించకుండా "మీ సమాచారం తుడిచేయాలా?" అని ఉంది. నొక్కారు. "తుడిచేశాం. ఇక ఎవరి దగ్గరా లేదు" అని వచ్చింది. అబద్ధానికి అంత మర్యాద ఎక్కణ్ణుంచి వస్తుందో! పొట్లాలు మాత్రం అమ్ముతూనే ఉన్నారు.

మర్నాడు పక్కింటి మంగతాయారు గిన్నె పట్టుకొచ్చింది. "ఆ పొట్లం కారం మా ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదమ్మా. నీ చేతిదే కావాలి. మా వీధంతా ఇక నీ దగ్గరే కొంటాం, కాస్త తాజాగా చేసిపెట్టు."

వెంకాయమ్మ మిరపకాయలు ముందేసుకుని ఆగిపోయింది. "ఎలా చెయ్యను వదినా? ఎవరి దగ్గరా లేదన్నారుగా. అంటే నా దగ్గరా లేనట్టే."

"వాము..." అనబోయిన సత్తిపండు నోరు గవర్రాజు మూసేశాడు. "తుడిచేశాక గుర్తుంచుకుంటే మోసంరా! వాళ్ళ మాట మనం నిలబెట్టాలి."

ముగ్గురూ కళ్ళు గట్టిగా మూసుకుని, నానా తంటాలు పడి, మొత్తం మర్చిపోయారు. మంగతాయారు కోసం ఆ యాప్‌లోనే ఓ పొట్లం తెప్పించారు.