గీత దగ్గర పరదేశి

గెడ్డవలసలో కూర్మయ్య మాస్టారిని ప్రశ్నలు అడిగేవాళ్ళు తక్కువ. అడిగితే ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. ప్రెసిడెంటు లచ్చుంనాయుడు ఒకసారి నలుగురిలో గొప్పగా ఉంటుందని మోక్షం గురించి అడిగి, మర్నాడు కబడ్డీ కోర్టుకు నలభై బిందెల నీళ్ళు మోశాడు. మోక్షం సంగతి తెలియలేదు గానీ కోర్టు మెత్తబడింది. మాస్టారు ముప్పై ఏళ్ళు హైస్కూల్లో డ్రిల్లు చెప్పి, రిటైరయ్యాక ఊరి కబడ్డీ జట్టును చూసుకుంటున్నారు. ఆయన దగ్గర ఆట నేర్చుకున్నవాళ్ళందరూ ఆయన్ని గురుగారూ అని పిలుస్తారు. నేర్చుకున్నా రానివాళ్ళు ఇంకొంచెం గట్టిగా పిలుస్తారు.

ఆ రెండో రకంలో మొదటివాడు పరదేశి. చిన్నప్పుడు కూతకు పంపితే నడిగీత దాటకముందే అతనికి దగ్గు వచ్చేది. ఆడటం కుదరక చూడటంలో స్థిరపడ్డాడు. తొమ్మిదేళ్ళ క్రితం జట్టు వరసగా ఓడిపోవడం మొదలుపెట్టినప్పుడు, కొండపేట కప్పు గెలిచేదాకా గడ్డం తియ్యనని పైడితల్లికి మొక్కుకున్నాడు. మొదటి ఏడు దురద పెట్టింది. మూడో ఏడు గుండెల మీదికి వచ్చింది. తొమ్మిదో ఏటికి బొడ్డు దాటింది. పొరుగూళ్ళవాళ్ళు ఆటకు వస్తే ముందు గడ్డాన్ని చూసి, తర్వాత తీరుబడి ఉంటే ఆట చూసేవారు. టీ కొట్టులో మొదటి గ్లాసు అతనిదే. పందేలు ఎక్కడ మొదలైనా రిబ్బను అతని చేతే కోయించేవారు. ఒక పెళ్ళిలో చూపు ఆనని ముసలావిడ ఎవరో అతని కాళ్ళకు దండం పెడితే, పరదేశి ఆశీర్వదించాడు కూడా. “మొక్కింది ఈయన, ఆ గడ్డంలో మెతుకులేరేది నేను” అని అతని భార్య రావులమ్మ మాత్రం పాలకేంద్రం దగ్గర రోజూ చెప్పేది. మేము రోజూ కొత్తగా వినేవాళ్ళం.

ఇలా ఉండగా రెండేళ్ళ క్రితం మాస్టారు ఒక పని చేశారు. పాత ఆటగాళ్ళు ఏడుగురినీ ఇంటికి పంపేసి, మీసాలు సరిగా రాని కొత్త ఏడుగురిని కోర్టులో దింపారు. పాతవాళ్ళు ఓడినా అందంగా ఓడేవారు. కొత్తవాళ్ళకు అదీ చేతకాలేదు. ఆ ఏడు ఆడిన పద్నాలుగు ఆటలూ పోయాయి. ఒక ఆటలో వాళ్ళల్లో వాళ్ళే గుద్దుకుని ఇద్దరు పడిపోయారు. ఊరు రెండుగా చీలిపోయింది. మాస్టారికి మతి పోయిందనేవాళ్ళు ఒక పక్క, ఆ మతి ఎప్పుడూ లేదనేవాళ్ళు ఒక పక్క. మాస్టారు మాత్రం తెల్లవారకముందే వాళ్ళను కోర్టుకు రప్పించి, పడటం ఎలాగో నేర్పేవారు. పట్టడం నేర్పకుండా పడటం నేర్పడమేమిటని లచ్చుంనాయుడు అడగబోయి, బిందెలు గుర్తొచ్చి మానుకున్నాడు.

రెండో ఏడు ఓటమి పల్చబడింది. ఇరవై పాయింట్ల తేడా పది అయింది, పది మూడయింది. ఇటుకల బట్టీలో పనిచేసే పోలినాయుడు అనే కుర్రాడు కూతకు వెళితే ఎదుటివాళ్ళు నిలబడ్డచోట నిలబడలేకపోయేవారు. మొత్తానికి ఆ ఏడు మా జట్టు కొండపేట పందెంలో చివరి ఆటదాకా వచ్చింది. ఎదురు కొండపేటే. అప్పుడు మా క్రీడా సంఘం కూర్చుని ఒక తీర్మానం చేసింది. ఇది కూడా ఓడితే ఈ ఏడుగురినీ ఇంటికి పంపి, వచ్చే ఏడు బయటి ఊళ్ళనుంచి ఆటగాళ్ళను తెప్పించుకోవాలి. గెలవబోయే ముందు ఇలాంటి తీర్మానం చెయ్యడం మా సంఘానికే చెల్లింది. పోలినాయుడు చెన్నపట్నం వెళ్ళే పనివాళ్ళ జట్టును వదులుకుని ఈ జట్టు కోసం ఆగినవాడు. తీర్మానం విన్న సాయంత్రం రెండు కూతలు ఎక్కువ పెట్టాడు.

ఆట ముందురోజు మధ్యాహ్నం పరదేశి మాస్టారి దగ్గరికి వెళ్ళి గడ్డం నిమురుకుంటూ అడిగాడు. “గురుగారూ, తొమ్మిదేళ్ళయింది. ఈ ఊళ్ళో నాకున్నంత ఆశ ఇంకెవుడికీ లేదు. ఇంకా ఎన్నాళ్ళు?”

మాస్టారు, “రేపు గీత దగ్గర మన జెండా నువ్వు పట్టుకో” అన్నారు.

ఆ జెండా గురించి చెప్పాలి. కొండపేట పందెంలో గీత దగ్గర నిలబడి, ఆటగాడి కాలు బయటపడితే జెండా ఎత్తడానికి ఒక మనిషి ఉంటాడు. పూర్వం ఇద్దరికీ సంబంధం లేని ఊరివాణ్ణి పెట్టేవారు. అతను ప్రతి ఏడూ ఎవరో ఒకరి చేత దెబ్బలు తినేవాడు. అందుకని పెద్దలు కూర్చుని, ఎవరి కాళ్ళకు వాళ్ళ ఊరివాడే సాక్షి అని నియమం పెట్టారు. సొంత ఊరివాడు చెబితే ఇక గొడవే ఉండదు, పరువున్నవాడు అబద్ధమాడడు అని వాళ్ళ ఆలోచన. నియమం వచ్చి పదహారేళ్ళయింది. ఈ పదహారేళ్ళలో ఆ జెండా ఎత్తిన పాపాన ఎవడూ పోలేదు. మా చుట్టుపక్కల ఆటగాళ్ళంత ఒద్దికగా గీతలోపల ఆడేవాళ్ళు దేశంలో లేరన్నమాట.

ఆటనాడు కొండపేట హైస్కూలు మైదానంలో చెట్లు కూడా ఖాళీ లేవు. మా వాళ్ళు అరిచారు, తిట్టారు, మళ్ళీ అరిచారు. మొదటి సగంలో ఆరు పాయింట్లు వెనకబడితే, మాస్టారికి మతి లేదనేవాళ్ళు ఎక్కువయ్యారు. రెండో సగంలో ఒక్కొక్కటే వెనక్కి తెచ్చుకుంటుంటే, కుర్రాళ్ళను మొదట మెచ్చుకున్నది నేనంటే నేనని తగువులాడుకున్నారు. చివరికి రెండు జట్లకూ ఇరవై ఏడు. మిగిలింది ఒక్క కూత. అది మాది.

పోలినాయుడు తొడ మీద మట్టి దులుపుకుంటున్నాడు. సెలూన్ నూకరాజు అప్పటికే కుర్చీ, గిన్నె, కత్తి పట్టుకుని పరదేశి వెనక్కి చేరాడు.

“పరదేశన్నా, కుర్చీ ఇక్కడే వేసెయ్యనా? నీళ్ళు తెచ్చీసినాను.”

“ఆట అవనీరా ముందు.”

“ఏటవడం, అయిపోనాది. చూడు, వాళ్ళ మొహాలు చూడు. అద్దం తేలేదన్నా, ఏటనుకోకు. తొమ్మిదేళ్ళకి నీ మొహం నువ్వు చూసుకుని జడుసుకుంటావని.” చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నూకరాజుకు నవ్వులు దొరికితే ఆగడు. “రేపట్నించి టీ కొట్టులో నిన్ను నేనే పక్కనుండి చూపించాల. ఈయనేనండీ గడ్డం పరదేశి అంటే, ఏ గడ్డం అంటారు.”

పరదేశి కూడా నవ్వాడు, జెండా లేని చేత్తో గడ్డం గట్టిగా పట్టుకుని. పోలినాయుడు కూత అందుకున్నాడు.

ఎడమ పక్కకు పోయాడు. ఇద్దరు మీదికి వస్తే పక్కకు ఒరిగి, గీత వెంబడే రెండు అడుగులు నడిచినట్టు వెళ్ళి, మూలనున్నవాడి భుజం తాకి, పిల్లి దూకినట్టు దూకి నడిగీత దాటేశాడు. మా ఊరంతా ఒక్కసారి పైకి లేచింది. లచ్చుంనాయుడు ఎవరినో ముద్దుపెట్టుకున్నాడు. ఆ మనిషి కొండపేటవాడు.

అప్పుడు చూశాం. పరదేశి చేతిలో జెండా పైకి లేచి ఉంది.

అరుపు నోట్లోనే ఆగిపోవడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. రెండు వేలమంది ఉన్న మైదానంలో నూకరాజు గిన్నె కిందపడిన చప్పుడు వినబడింది. కొండపేట జెండా మనిషి ఇలాంటిది చెయ్యడానికి వీలుందని అప్పుడే తెలిసినట్టు తన జెండా వైపు చూసుకున్నాడు. ఈల ఊదే అంపైరు మా పరదేశి దగ్గరికొచ్చి, “మీవాడేనండీ, తెలుసు కదా?” అని రెండుసార్లు అడిగాడు. పరదేశి జెండా దించలేదు. ఇరవై ఎనిమిది, ఇరవై ఏడు. కప్పు కొండపేటది.

“నా కాలు లోపలే ఉందండీ” అని పోలినాయుడు ఒకటే మాట పదిసార్లు అన్నాడు. పదకొండోసారి ఆగి, తన మడమకేసి చూసుకుని, “ఉందనే అనుకున్నాను” అన్నాడు. సొంత ఊరివాడే ఎత్తాక ఎవరు నమ్ముతారు?

మా ఊరివాళ్ళు దారిలో గెడ్డవాగు దాటేదాకా పరదేశిని తిట్టారు. గెడ్డ దాటాక ఎవరో, పదహారేళ్ళలో నిజం చెప్పినవాడు ఒక్కడేనర్రా, వాడూ మనవాడే అన్నారు. అంతే, ఊరు చేరేసరికి తిట్లు పొగడ్తలయ్యాయి. తొమ్మిదేళ్ళు గడ్డం పెంచినవాడు గెలుపు చేతికందే వేళ కూడా అబద్ధమాడలేదు, అంతటి మనిషి ఇక పుట్టడు అని, తిట్టడంలో ముందున్నవాళ్ళే చెప్పుకొచ్చారు. మర్నాడు పొద్దున్న పది గంటలకు పాలకేంద్రం వరండాలో మీటింగు అని చాటింపు వేశారు. పనులు రెండు. పరదేశికి శాలువా కప్పడం, ఏడుగురినీ ఇంటికి పంపడం.

పొద్దున్న తొమ్మిదికి పరదేశి కోర్టు దగ్గరికి వెళ్ళాడు. మాస్టారు ఒక్కరే మట్టి చదును చేస్తున్నారు. పరదేశి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం వాడిపోయి ఉంది.

“గురుగారూ, ఆ కాలు గీత దాటలేదు. జానెడు లోపలే ఉంది. నేను చూస్తానే ఉన్నాను. చూస్తుండగానే నా చెయ్యి లేచింది.”

మాస్టారు పార ఆపలేదు. “నాకెందుకు చెబుతావు? అది నా కాలు కాదు కదా.”

పాలకేంద్రం దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. శాలువా లచ్చుంనాయుడి భుజం మీద ఉంది. ముందుగా తానే కప్పుకుని సరిపోయిందో లేదో చూసుకుంటున్నాడు. ఏడుగురు కుర్రాళ్ళూ గోడవారగా నిలబడ్డారు. పోలినాయుడు సంచి తెచ్చుకున్నాడు. మధ్యాహ్నం బస్సుకు చెన్నపట్నం వెళ్ళేవాళ్ళు ఇద్దరు అతని కోసం బయట ఆగి ఉన్నారు. లచ్చుంనాయుడు గొంతు సవరించుకుని నిజాయితీ గురించి మొదలుపెట్టాడు. ఆయన ఆ మాట పలకడం మేము వినడం అదే మొదటిసారి, శ్రద్ధగా విన్నాం. శాలువా విప్పబోతుంటే పరదేశి చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆ కుర్రాడి కాలు లోపలే ఉంది” అన్నాడు. “తప్పు నాది. ఊరికే ఎత్తేశాను.”

ఎవరూ కదలలేదు. పాలు పోయడానికొచ్చిన ఒకామె క్యాను ఎత్తి అలాగే పట్టుకుంది. ముందురోజు మైదానంలో నిశ్శబ్దం అయితే అరుపు ఆగడం వల్ల వచ్చింది. ఇది అలాంటిది కాదు. నా పక్కనున్న మనిషి తన చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. రావులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది. 

మొదట కదిలింది పోలినాయుడు. నేల మీద కూర్చుండిపోయి, కాలు ముందుకు చాపి, మడమను రెండు చేతులతో పట్టుకున్నాడు. “దీన్ని నరికేద్దామన్నంత కోపమొచ్చిందండి నాకు” అని ఏడ్చేశాడు. పరదేశి అతని ముందుకెళ్ళి నిలబడ్డాడు. అంతకన్నా ఏం చెయ్యాలో తెలియలేదు. కాసేపటికి బయట ఆగినవాళ్ళు బస్సు వేళయిందని కేకేస్తే, పోలినాయుడు మొహం తుడుచుకుని, “మీరెళ్ళండి, నేను రాను” అన్నాడు. కుర్రాళ్ళను పంపే తీర్మానం ఎవరు పెట్టారని అడిగితే సంఘంలో ఒక్కరికీ గుర్తులేదు. కొండపేటకు మనిషిని పంపితే, చాలా బాధపడ్డామనీ, కప్పు మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసేశామనీ కబురు చేశారు.

జనం పల్చబడ్డాక పరదేశి వరండా మెట్టు మీద కూలబడ్డాడు. మాస్టారు పార భుజాన వేసుకుని వచ్చి ఎదురుగా ఆగారు. పరదేశి తల ఎత్తకుండానే అన్నాడు. “నాకన్నా ఆశపడ్డోడు లేడనుకున్నాను గురుగారూ. తొమ్మిదేళ్ళు. ఇంకా ఎన్నాళ్ళని మిమ్మల్ని అడిగినాను కూడాను.”

మాస్టారు పార ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నారు.

“ఇంకా అంటావేమిట్రా” అన్నారు. “ముందు ఆశపడటం మొదలుపెట్టు.”